ఎండబెట్టిన శౌర్యం

సోమవారం పొద్దున్న ఫ్రేముల షాపతను వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండు లోపల పళ్ళ డాక్టర్ల గ్రూపు ఫోటోకి గాజు కోసి, నాలుగు మూలలూ బిగించి, ఆసుపత్రికి చేర్చెయ్యాలి. తర్వాత ఇంటికెళ్ళి భోంచేసి ఒక గంట నడుం వాల్చాలి. నిన్న అంత శ్రమపడ్డ మనిషికి ఆ మాత్రం విశ్రాంతి న్యాయమేనని అతని ఉద్దేశం. శ్రమంటే మరేం కాదు, కరాటే సెంటర్ వార్షికోత్సవంలో రెండు వందల మంది చూస్తుండగా అయిదు చెక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక్క గుద్దుతో విరిచాడు.

వీధిలో అతన్ని చెక్కల వీరుడంటారు. నలభయ్యో ఏట కరాటేలో చేరి నాలుగేళ్ళలో గోధుమరంగు బెల్టు దాకా వచ్చాడు. ఆ బిరుదు ఎవరిచ్చారో తెలీదు, వద్దని అతనూ అనలేదు. మనం కూడా కథ అయ్యేదాకా అలాగే పిలుద్దాం. ఒకసారి ఇచ్చిన బిరుదుని మధ్యలో లాక్కోవడం మర్యాద కాదు.

వీరుడికి చెక్క గురించి తెలిసినంత ఆ సెంటర్లో ఎవరికీ తెలీదు. ఇరవయ్యేళ్ళుగా అదే అతని వృత్తి. పళ్ళపెట్టెలు చేసే తేలిక చెక్క తప్ప మరోటి ముట్టుకోడు. అందులోనూ నార ఎటు పోతోందో చూసి, ముడి ఉన్న ముక్కని పక్కన పారేసి, విరగడానికి సిద్ధంగా ఉన్నవాటినే ఏరుకుంటాడు. వాటిని కొలతకి కోసి, పక్కనే ఉన్న బేకరీలో రొట్టెలు దింపేశాక పొయ్యిలో మిగిలే వేడికి మూడు రోజులు పెట్టిస్తాడు. మూడో రోజుకి ఆ చెక్కలో తడన్నది ఉండదు. గట్టిగా తుమ్మితే రెండయ్యేలా తయారవుతుంది. ఇది మోసం కాదు, తయారీ అని వీరుడు తనకి తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. మోసం కానిదాన్ని అన్నిసార్లు చెప్పుకోనక్కర్లేదన్న సంగతి అతనికి తట్టలేదు.

చెక్కని విరగ్గొట్టడానికి ఒక పద్ధతుంది. ముందు వంగి నమస్కారం పెట్టాలి. ఊపిరి పీల్చాలి. పిడికిలిని మెల్లగా చెక్క దాకా తెచ్చి, తాకించి, వెనక్కి తీసుకోవాలి. అలా మూడుసార్లు కొలుచుకుని నాలుగోసారి కొట్టాలి. చూసేవాళ్ళకి దెబ్బకన్నా ఆ కొలతలంటేనే ఎక్కువ ఇష్టం. ఊపిరి బిగబట్టి చూస్తారు.

నిన్నటి సభలో వీరుడి కూతురు కూడా చెక్క విరిచింది. ఏడో తరగతి చదువుతోంది, సెంటర్లో చేరి ఆరునెలలైంది, అదే మొదటి చెక్క. ఆ పిల్లకి మామూలు చెక్క ఇవ్వాలా, పొయ్యిలో పెట్టింది ఇవ్వాలా అని వీరుడు రెండు రోజులు ఆలోచించాడు. మామూలుదిస్తే విరక్కపోవచ్చు. అంతమంది ముందు పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటే చూడలేడు. తండ్రి మనసు కదా, అయిదు చెక్కలతో పాటు ఆరోదీ పొయ్యెక్కింది. పిల్ల వంగి నమస్కారం పెట్టి, మూడుసార్లు కొలిచి, పళ్ళు బిగించి కొట్టింది. చెక్క టప్పుమని రెండైంది. అప్పుడా పిల్ల తన పిడికిలిని కొత్తగా చూసుకున్న చూపుకి వీరుడి కళ్ళు చెమర్చాయి. సిగ్గుపడాల్సిన చోట గర్వపడ్డాడు. దాని ఫలితం మర్నాడు పదకొండున్నరకి బేకరీ అక్క రూపంలో షాపు గుమ్మంలోకి వచ్చింది.

బేకరీ అక్క ముప్ఫయ్యేళ్ళుగా పిండి పిసుకుతున్న మనిషి. పొయ్యి ఆమెదే కాబట్టి, చెక్కల రహస్యం వీధి మొత్తం మీద ఆమె ఒక్కతికే తెలుసు. చేతులకంటిన పిండి దులుపుకుంటూ అంది:

"తమ్ముడూ, నీ కూతురు పొద్దున్న బన్ను తీసుకుంటూ ఒక మాటంది. ఇవాళ మధ్యాహ్నం బెల్లు కొట్టాక సైకిల్ స్టాండు దగ్గర రోడ్ రోలర్ సంగతి తేలుస్తుందట."

రోడ్ రోలర్ అంటే యంత్రం కాదు. బళ్ళో పదో తరగతి అమ్మాయి, ఇనప గుండు విసరడంలో రెండేళ్ళుగా కప్పు ఆ పిల్లదే. మంచినీళ్ళ కుళాయి దగ్గర వరసలో నిలబడే అలవాటు లేదు. నేరుగా ముందుకొచ్చి సీసా నింపుకుంటుంది, తన జట్టు వాళ్ళ సీసాలు కూడా నింపుతుంది. ఈలోగా బెల్లు కొట్టేస్తుంది, చిన్న తరగతుల పిల్లలు గొంతులెండి క్లాసుకి పోతారు. ఇదంతా కూతురు ఇంట్లో నెలరోజులుగా చెబుతూనే ఉంది. వీరుడే గాజు కోసుకుంటూ ఊఁ కొట్టాడు.

"వద్దమ్మా అని చెప్పాను," అంది అక్క. "నిన్న చెక్క విరిచాను కదా అత్తా, ఇంక మనిషెంత అంది. ఆ చెక్క మూడు రోజులు నా పొయ్యిలో ఉందన్న మాట నా నోటెంట రాలేదు. నువ్వు చెప్పలేదా?"

వీరుడు చేతిలో గాజు బల్ల మీద పెట్టేశాడు. గోడ గడియారం చూశాడు. మధ్యాహ్నం బెల్లు పన్నెండున్నరకి. ఇంకా గంట ఉంది. ఈ గంటలో చెయ్యాల్సింది ఒకటే పని. బడికెళ్ళి, పిల్లని పిలిచి, నీ చేతిలో ఏమీ లేదమ్మా, అంతా పొయ్యి మహిమ అని చెప్పెయ్యాలి. చెబితే తండ్రి మీద దానికున్న నమ్మకం పోతుంది. చెప్పకపోతే రోడ్ రోలర్ దాని మీంచి వెళ్ళిపోతుంది. పళ్ళ డాక్టర్లని బల్ల మీద అలాగే వదిలేసి స్కూటర్ తీశాడు.

తీస్తూనే భార్యకి ఫోన్ చేశాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వార్డులో హడావిడిగా ఉంది. సంగతంతా చెప్పి, పిల్లకి దెబ్బలు తగులుతాయేమోనని భయంగా ఉందన్నాడు. ఎవరి పిల్లకి అని ఆవిడ అడిగింది. మన పిల్లకే అన్నాడు. ఆవిడ నవ్వింది. నిన్న కళ్ళారా చూశానుగా, దాని చెయ్యి ఊరికే ఉండే చెయ్యి కాదు, ఆ పదో తరగతి అమ్మాయికేమీ కాకుండా చూడండి, రేపొద్దున్న వాళ్ళమ్మా నాన్నా మన మీద పడతారు అంది. వీరుడు నిన్నటి చెక్కలు తను ముందే ఎండబెట్టానని ఒప్పుకున్నాడు.

"ఎండబెట్టక తడి చెక్కలు కొడతారేమిటండీ," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

నాలుగేళ్ళలో మొదటిసారి నిజం చెప్పాడు. అది ఇంత నిశ్శబ్దంగా వచ్చి వెళ్ళిపోతుందని అనుకోలేదు.

బడి గేటు దగ్గర వాచ్‌మన్ అతన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. నిన్నటి వీడియో అతని ఫోన్లోకి కూడా వచ్చింది. ఒకసారి చెయ్యి చూపించమని అడిగి, పిడికిలి అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడా గాటు కూడా పడలేదేమిటని ఆశ్చర్యపోయాడు. వీరుడికి ఆ చెయ్యి జేబులో పెట్టేసుకోవాలనిపించింది. లోపలికి పంపమని బతిమాలాడు. తరగతులు జరిగేటప్పుడు పంపకూడదని వాచ్‌మన్ అన్నాడు. పన్నెండయింది. ఇక దాచి లాభం లేదని, సైకిల్ స్టాండు దగ్గర గొడవ జరగబోతోందని, తన కూతురే కొట్టుకోబోతోందని చెప్పేశాడు.

వాచ్‌మన్ మొహం మారిపోయింది. ఇక్కడే ఉండండి అని చెప్పి లోపలికి పరిగెత్తాడు. ప్రధానోపాధ్యాయిని గదికి చేరేసరికి ఆ కబురు కాస్త పెరిగింది. ఒక్క గుద్దుతో అయిదు చెక్కలు విరిచినాయన కూతురి తరపున గొడవకొచ్చి గేటు దగ్గర నిలబడ్డారని అతను చెప్పాడట. అతన్ని కూడా ఏం అనలేం. చూసింది అదే మరి.

వాచ్‌మన్ వెంట పెద్ద టీచర్ గదిలోకి వెళ్ళేసరికి వీరుడి కోసం కుర్చీ తుడిచి ఉంచారు. ఆవిడ బల్లకి అవతల, మామూలుకన్నా కొంచెం దూరంగా కూర్చుని ఉంది. పక్కన ఇంకో కుర్చీలో ఒక మనిషి ఉన్నాడు. కుర్చీలో ఉన్నాడనడం కన్నా కుర్చీ అతని కింద ఉందనడం సబబు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోసే పని అతనిది. ఫ్రిజ్ ఒక్కడే భుజానికెత్తుకుని మూడంతస్తులు దిగుతాడని వాచ్‌మన్ దారిలోనే చెప్పాడు. అతను రోడ్ రోలర్ తండ్రి. వీరుడు రాగానే లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"సార్, మా పిల్ల నిన్నటినుంచి తిండి తినటం లేదు," అన్నాడు, అంత శరీరంలోంచి రావాల్సిన గొంతు కాదది. "మీ పాప వీడియో చూసినప్పట్నుంచి వణికిపోతోంది. ఇవాళ తేలుస్తానందట, అందుకే పని మానుకుని టీచరుగారి దగ్గరికొచ్చాను. కుళాయి దగ్గర తప్పు దానిదేనండి. దగ్గరుండి క్షమాపణ చెప్పిస్తాను. ఈ ఒక్కసారికి వదిలెయ్యమని మీ పాపకి చెప్పండి."

వీరుడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తనకన్నా రెండింతలున్న మనిషి తనకి దణ్ణం పెడుతున్నాడు. ఇలాంటి రోజు కావాలని ఒకప్పుడు కలగన్నాడు కూడా. వచ్చిన రోజేమో ఇలా వచ్చింది. అతని చేతులు కిందికి దించి, మా అమ్మాయి వల్ల మీ అమ్మాయికి ఏ ప్రమాదమూ లేదని, భయమంతా తనదేనని చెప్పాడు. పెద్ద టీచర్ కళ్ళజోడు సవరించుకుని, అయితే ఆ మాటే కాగితం మీద రాసివ్వమంది. బడి ఆవరణలో తన కూతురు కుడి చేతిని ప్రయోగించదని హామీ కావాలట.

"మేడమ్, ప్రయోగించడానికి ఆ చేతిలో ఏమీ లేదండి," అన్నాడు వీరుడు. "అవి పొయ్యిలో ఆరబెట్టిన చెక్కలు. బిస్కెట్లు విరిగినట్టు విరుగుతాయి. పాపకిచ్చింది కూడా అదే రకం. అది మనిషిని కొడితే దాని చెయ్యే నొప్పెడుతుంది. నన్ను కిందికి వెళ్ళనివ్వండి, నేను దానికి చెప్పాలి."

గదిలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజంగా బలమున్నవాళ్ళు ఇలాగే మాట్లాడతారని పెద్ద టీచర్ మెచ్చుకోలుగా అంది. తనకి బలమేమీ లేదనే మనిషి దగ్గరే జాగ్రత్తగా ఉండాలని సామాన్లాయన కూడా తల ఊపాడు. కాగితం బల్ల మీదకి వచ్చింది.

పన్నెండుంబావు. వీరుడికి నమ్మించడానికి ఒకటే దారి కనిపించింది. సామాన్లాయన ఎదురుగా వెళ్ళి నిలబడి, నన్ను ఒక్కసారి తొయ్యండి, నేను ఎంత సులువుగా పడిపోతానో మీరే చూస్తారన్నాడు. సామాన్లాయన రెండడుగులు వెనక్కి వేశాడు. పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి సార్, మీలాంటివాళ్ళ మీద చెయ్యేస్తానా అన్నాడు. తొయ్యమని వీరుడు బతిమాలడం, తొయ్యనని అతను బతిమాలడం అలా కాసేపు సాగింది.

చివరికి పెద్ద టీచరే ఒక ఉపాయం చెప్పింది. వరండాలో పాత బెంచీ ఒకటి కాళ్ళూడిపోయి పడుంది. దాని మీది చెక్క మీరు ఎండబెట్టింది కాదు కదా, దాన్ని కొట్టి చూపించండి, విరక్కపోతే మీరన్నది నమ్ముతానంది. వీరుడికి ప్రాణం లేచొచ్చింది. బెంచీ చెక్క రెండంగుళాల మందం ఉంది. దాన్ని విరవడం తన వల్ల కాదు, తన గురువు వల్ల కాదు. వాచ్‌మన్ ఆ చెక్కని తెచ్చి రెండు కుర్చీల మధ్య ఆనించాడు. ఈసారి వీరుడు నమస్కారం పెట్టలేదు, కొలవలేదు. చెయ్యి విరిగినా ఫరవాలేదు, నిజం తెలిస్తే చాలనుకుని కళ్ళు మూసుకుని గుద్దాడు.

బెంచీ మూడు ముక్కలైంది.

ముక్కల్లోంచి పొడి రాలింది. వీరుడు వంగి చూసి, బతుకు జీవుడా అనుకున్నాడు. లోపలంతా చెదలు. పైన రంగు తప్ప చెక్కన్నదే మిగల్లేదు. రాలిన పొడి గుప్పెడు తీసి చూపిస్తూ, చెదలు మేడమ్, నేను కాదు, చెదలు అని మొత్తుకున్నాడు. పెద్ద టీచర్ మొహం ఎర్రబడింది. పోయిన నెలలోనే బడి సామానంతటికీ మందు కొట్టించామని, ఎక్కడా చెదలు లేవని తను స్వయంగా సంతకం పెట్టి యాజమాన్యానికి పంపించింది.

"మా బళ్ళో చెదల్లేవండీ," అంది గట్టిగా. "అది మంచి గట్టి చెక్క."

కాబట్టి అధికారికంగా అది గట్టి చెక్క అయింది. దాన్ని కొలవకుండా, కళ్ళు మూసుకుని మూడు ముక్కలు చేసిన మనిషి వీరుడు. సామాన్లాయన తలుపుకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. భయంతోనే నిలబడ్డాడు కానీ అతను నిలబడితే తలుపు కనపడదు. మీరు సంతకం పెట్టి వెళ్ళండి సార్, లేకపోతే నా పిల్ల సంగతేమిటన్నాడు. అబద్ధం చెప్పినంతకాలం వీధి అంతా అతనికి దారిచ్చింది. నిజం చెప్పడం మొదలుపెట్టాక ఒక్క తలుపు దాటలేకపోతున్నాడు.

బెల్లు కొట్టారు.

వీరుడు కలం అందుకున్నాడు. పెద్ద టీచర్ చెప్పింది చెప్పినట్టు గబగబా రాశాడు. తన కూతురి కుడి చేతిని, అవసరమైతే ఎడమ చేతిని కూడా, బడి వేళల్లో తోటి విద్యార్థుల మీద వాడకుండా చూసే బాధ్యత తనదని రాశాడు. ఎడమ చెయ్యన్న మాట సామాన్లాయన గుర్తుచేస్తే చేర్చాల్సొచ్చింది. పెద్ద టీచర్ కామా తప్పని చెబితే తిరగరాశాడు. కిందనుంచి పిల్లల కేకలు వినిపించాయి, తర్వాత ఇనప సామానేదో వరసగా పడ్డ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడులోనే సంతకం గీసేశాడు.

కాగితం ఇచ్చి తలుపు దాకా వెళ్ళేలోపు తలుపే తెరుచుకుంది. గుమ్మంలో రోడ్ రోలర్ నిలబడి ఉంది. నిజంగానే పెద్ద పిల్ల. ఆ పిల్ల వీరుడి కూతురి భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. కూతురి మోచెయ్యి దోక్కుపోయింది, జుట్టు రేగిపోయింది, ఒక చెప్పు లేదు. కానీ ఏడవటం లేదు. దెబ్బ తగిలిన చోట తడి చేతిరుమాలు కట్టి ఉంది. అది రోడ్ రోలర్ రుమాలే.

ఏం జరిగిందని పెద్ద టీచర్ అడిగింది. రోడ్ రోలరే తన తండ్రి వైపు ఒకసారి, వీరుడి వైపు ఒకసారి భయంగా చూసి చెప్పింది:

"నేను కొట్టలేదు టీచర్. తను ముందు వంగి దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను. తర్వాత పిడికిలి మెల్లగా తెచ్చి నా పొట్టకి ఆనించింది, వెనక్కి తీసుకుంది. మళ్ళీ తెచ్చింది. కదలకుండా నిలబడు అంది, నిలబడ్డాను. మూడోసారికి చక్కిలిగింతలు తట్టుకోలేక కొంచెం తోశాను. సైకిళ్ళ మీద పడింది. సైకిళ్ళన్నీ పడ్డాయి."

చక్కిలిగింతలు పెడితే ఎవరు మాత్రం ఊరుకుంటారు. ఈ మాటకి నవ్వాల్సినవాళ్ళెవరూ నవ్వలేదు. సామాన్లాయన కళ్ళు తుడుచుకున్నాడు. కొట్టగలిగీ కొట్టకుండా మా పిల్లని వదిలేశావు తల్లీ, నీ రుణం తీర్చుకోలేనని ఆ దోక్కుపోయిన చేతినే కళ్ళకద్దుకున్నాడు. పెద్ద టీచర్, ఇదీ పెంపకమంటే అంది. వీరుడు మాత్రం కూతురి మోచేతి వంకే చూస్తున్నాడు. మూడు కొలతలు. అవి తను నేర్పినవే. ఎదుటిది కదలదని, తిరిగి తొయ్యదని, చచ్చిన చెక్క ముందు నిలబడి పన్నెండేళ్ళ పిల్లకి నేర్పాడు. సిగ్గుతో అతని చెవులు మండాయి. ఆ గదిలో నిలబడ్డంతసేపూ ఎవరైనా తనని ఒక్క మాట తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు. టీ తెప్పించారు.

పిల్లకి సెలవిచ్చి ఇంటికి పంపారు. మెట్ల మధ్యలో కూతురు ఆగి రెండో చెప్పు కూడా విప్పి చేత్తో పట్టుకుంది. వీరుడు కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఇక్కడైతే ఎవరూ పొగిడేవాళ్ళు లేరు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసింది. తల దించుకునే మొదలుపెట్టాడు. ఏ చెక్క, ఎవరి పొయ్యి, ఎన్ని రోజులు, అన్నీ చెప్పాడు. ఒక్కసారి కూడా తయారీ అన్న మాట వాడలేదు.

"తెలుసు నాన్నా," అంది కూతురు.

వీరుడు తలెత్తాడు.

"నీ చెక్కలు బిస్కెట్ వాసనొస్తాయి. సంచీ మోసేది నేనేగా. చేరిన మొదటి నెలలోనే తెలిసింది."

"మరి తెలిసి కూడా ఆ అమ్మాయి మీదకి ఎందుకెళ్ళావే?"

కూతురు చెప్పు పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది.

"నువ్వు నీకు మాత్రమే ఎండబెట్టుకుంటావనుకున్నాను," అంది చివరికి. "నాకు నిజం చెక్కే ఇచ్చావనుకున్నాను."

ఆ పిల్ల అయిదు నెలలుగా తండ్రి గుట్టు తెలిసి, సంచీ మోసి, ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుంది. తండ్రి లోకాన్ని మోసం చేసినా తనని చెయ్యడనుకుంది. ఆ ఒక్క నమ్మకంతో పదో తరగతి పిల్ల ముందుకెళ్ళి నిలబడింది. తను ప్రేమనుకుని పొయ్యిలో పెట్టింది ఆ నమ్మకాన్ని. తప్పయిపోయిందమ్మా అన్నాడు. కూతురు సరేలే అనలేదు, ఫరవాలేదు అనలేదు. ఇంటికెళ్ళాక ఎండబెట్టని చెక్క ఒకటి కావాలంది.

ఆ సాయంత్రం షాపులో ఉన్న చెక్కల్లో ముడి ఉన్నదే ఒకటి తీసి ఇచ్చాడు. కూతురు కొట్టింది. విరగలేదు. అతనూ కొట్టాడు. విరగలేదు. రాత్రి భోజనాలప్పటికి ఇద్దరి చేతులూ వాచి ఉన్నాయి. అన్నం ఇద్దరికీ నర్సుగారే కలిపి పెట్టింది. ఆవిడకి సంగతంతా మొదటినుంచీ మళ్ళీ చెప్పారు. ఈసారి నవ్వలేదు. కొంగుతో కూతురి మోచెయ్యి అద్ది, భర్త వంక ఒక చూపు చూసింది. కోరుకున్న తిట్టు ఆ చూపులో దొరికింది అతనికి. ఆ చెక్క ఇప్పటికీ విరగలేదు. వారం తర్వాత కూతురు అతనితో మామూలుగా మాట్లాడింది.

ఆ వారంలోనే వీరుడు పెద్ద టీచర్‌కి రెండు పేజీల ఉత్తరం రాశాడు. చెక్క నార సంగతి, పొయ్యి వేడి సంగతి, బెంచీ చెదల సంగతి, ఒక్కటి కూడా వదలకుండా రాసి, తనకి పోట్లాట అన్నది రాదని, జన్మలో ఎవర్నీ కొట్టలేదని, చెక్కలు విరిచే చేతికీ మనిషిని నిలవరించే చేతికీ సంబంధం లేదని సంతకం పెట్టాడు. సాక్షిగా బేకరీ అక్క చేత కూడా సంతకం పెట్టించాడు. మూడో రోజున జవాబొచ్చింది. ఇంత వినయం ఈ రోజుల్లో అరుదని, అలాంటివారు ఆడపిల్లలకి శనివారాలు ఆత్మరక్షణ నేర్పితే బాగుంటుందని బడి కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించిందట. చెదల సంగతి మాత్రం జవాబులో లేదు.

వీరుడు రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి కూతురితో ఆలోచించి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. చెక్కలుండవు, కొలతలుండవు, సహాయకురాలిగా రోడ్ రోలర్ ఉండాలి. ఆ అమ్మాయి ఒప్పుకుంది. కుళాయి దగ్గర వరసలో నిలబడాలని వీరుడి కూతురు పెట్టిన ఇంకో షరతుకీ, కొంచెం ఆలోచించి, ఒప్పుకుంది.

అప్పట్నుంచీ ప్రతి శనివారం మూడు గంటలకి ఆటస్థలంలో అరవైమంది పిల్లలు గుండ్రంగా నిలబడతారు, తోసే పని రోడ్ రోలర్‌ది, పడే పని వీరుడిది.